ఐక్యూ 118 వచ్చింది, పీహెచ్‌డీ వదిలేయాలా?

ప్రశ్న: పేరు చెప్పొద్దన్న ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది కాబట్టి కుదించి ఇస్తున్నాను. ఆమెకు 26 ఏళ్లు. బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ రెండో సంవత్సరం. ఒక ప్రొటీన్‌ని శుద్ధి చేసే దగ్గరే ఆమె పని నెలల తరబడి ఆగిపోయింది. చేసిన ప్రతిసారీ ఏదో ఒక మెట్టు దగ్గర ప్రొటీన్ ముద్దకట్టి పాడైపోతోంది. ఆ టెన్షన్‌లో నిద్ర తగ్గింది, చదివిన పేపర్ పది నిమిషాల్లో మర్చిపోతున్నారు, దాంతో ఏకాగ్రత సమస్య ఏమైనా ఉందేమోనని ఒక సైకాలజిస్టుకు చూపించుకున్నారు. అక్కడ చేసిన పరీక్షల్లో భాగంగా ఐక్యూ కూడా కొలిచారు. మొత్తం స్కోరు 118 వచ్చింది. రిపోర్టులో విడివిడిగా చూస్తే భాషాపరమైన అవగాహన 128, బొమ్మలు చూసి తర్కించడం 124, విషయాన్ని బుర్రలో పట్టుకుని దానితో పని చేయడం 112, వేగం 92.

ఆ రోజు నుంచీ ఆమె నెట్‌లో ఇదే వెతుకుతున్నారు. ఐన్‌స్టీన్ 160, ఫలానా నోబెల్ విజేత 150, భౌతిక శాస్త్రవేత్తల సగటు ఇంత అనే జాబితాలన్నీ చదివేశారు. ల్యాబ్‌లో ఆమెతో పాటే చేరిన ఒకబ్బాయి ఎక్కువ ఐక్యూ ఉన్నవాళ్ల సంఘంలో సభ్యుడట, గ్రూప్ మీటింగ్‌లో ఎవరు ఏం చెప్పినా అర నిమిషంలో తప్పు పట్టుకుంటాడు. అతన్ని ఉద్దేశించి గైడ్ ఒకసారి "ఈ ఫీల్డ్‌లో పైకి వెళ్లాలంటే ఇలాంటి బుర్ర ఉండాలి" అన్నారు. స్కోరు వచ్చాక ఆ మాటే గుర్తొచ్చి ఈమె మీటింగుల్లో నోరు విప్పడం మానేశారు. ఇంకో సంగతి, చిన్నప్పుడు స్కూల్లో పెట్టిన పరీక్షలో వాళ్ల అన్నయ్యకు 140 పైన వచ్చింది. ఇంట్లో అందరూ అతనే సైంటిస్టు అవుతాడనుకున్నారు, అతను మాత్రం వేరే ఉద్యోగం చేసుకుంటూ హాయిగా ఉన్నాడు. "నాకు లేనిది వాడికి ఇచ్చి ఏం లాభం, వాడు వాడుకోలేదు" అని రాశారు. స్కోరు సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చివర్లో అడిగింది ఇది: "118తో పెద్ద సైన్స్ చేయడం జరిగే పనేనా? కాకపోతే ఇంకో మూడేళ్లు పాడు చేసుకోకుండా ఇప్పుడే వదిలేస్తాను. ఓదార్చొద్దు, నిజం చెప్పండి."

జవాబు: ఓదార్చొద్దన్నారు కాబట్టి ముందు మీకు నచ్చని సగం చెబుతాను. ఐక్యూ లాంటి పరీక్షలకూ సైన్స్‌లో సాధించేదానికీ సంబంధం ఉంది. "అదంతా ఉత్తదే, కష్టపడితే చాలు" అనేవాళ్లు మీ మీద ప్రేమతో అంటారు తప్ప ఆధారాలు చూసి కాదు. అయితే ఆ సంబంధంలోంచి మీరు తీసిన లెక్క, అంటే 118 కాబట్టి నా పని అయిపోయింది అన్నది, ఆ ఆధారాల్లో ఎక్కడా లేదు. ఈ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో చెప్పాలంటే కొంచెం పొడుగ్గానే రాయాలి.

మొదట మీ చేతిలో ఉన్న కాగితం చూద్దాం. ఈ పరీక్షల్లో సగటును 100గా పెట్టి, పైకీ కిందికీ 15 పాయింట్ల అంచెలతో లెక్కిస్తారు. 118 అంటే వందమందిలో దాదాపు 88 మంది కంటే ఎక్కువ. ఏ కొలతకైనా ఉన్నట్టే దీనికీ నాలుగైదు పాయింట్ల అటూ ఇటూ ఉంటుంది, ఆ లెక్కన మీది 113 కావచ్చు, 123 కావచ్చు. అదీ మామూలుగా నిద్రపోయి వెళ్లినవాళ్ల సంగతి. మీరు వారాల తరబడి నిద్ర లేకుండా, నాకేదో లోపం ఉందేమో అన్న భయంతో వెళ్లి రాశారు.

ఇంకా ముఖ్యమైనది ఆ విడి అంకెలు. 128కీ 92కీ మధ్య 36 పాయింట్ల తేడా ఉంది. ఇంత తేడా ఉన్నప్పుడు అన్నిటినీ కలిపి చెప్పే ఒక్క అంకె మనిషిని సరిగ్గా వర్ణించదని ఈ పరీక్షలు చేసేవాళ్లకే తెలుసు, అందుకే అలాంటి సందర్భాల్లో వేగాన్నీ, విషయాన్ని బుర్రలో పట్టుకునే జ్ఞాపకం భాగాన్నీ పక్కన పెట్టి, తర్కానికీ అవగాహనకూ వేరే సూచిక లెక్కగట్టే పద్ధతి ఒకటి ఉంది. అదడగండి. మీ స్కోరును కిందికి లాగినది వేగం భాగం. అందులో చేయించేది గడియారం పెట్టి గుర్తులు పోల్చడం, గుర్తులు చూసి చకచకా రాయడం. నిద్రలేమి, ఆందోళన ముందుగా దెబ్బతీసేది ఇలాంటి పనినే. ఇది చెప్పి మీ స్కోరు నిజానికి 130 అనడం లేదు. ఒక్క అంకె పట్టుకుని జీవితం తేల్చేసుకునేంత గట్టి కాగితం కాదది, అంతే. అసలు ఈ పరీక్షల మూలపురుషుడు ఆల్ఫ్రెడ్ బినే 1905లో మొదటిది తయారు చేసింది బడిలో అదనంగా సాయం కావలసిన పిల్లలెవరో కనిపెట్టడానికి. తెలివి అనేది పెరగని తరగని ఒక స్థిరమైన మోతాదు అన్న మాటను ఆయనే గట్టిగా కాదన్నాడు.

ఇప్పుడు పరిశోధనల సంగతికొద్దాం. మీరు చదివిన వాటిల్లో టెర్మన్ కథ తప్పకుండా వచ్చి ఉంటుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త లూయిస్ టెర్మన్ 1921లో మొదలుపెట్టి, కాలిఫోర్నియాలో ఎక్కువ ఐక్యూ వచ్చిన పిల్లల్ని 1,500 మందికి పైగా ఎంచుకుని, వాళ్లు పెద్దవాళ్లై ముసలివాళ్లయ్యేదాకా గమనించే పని పెట్టుకున్నాడు. ఆయన పోయాక కూడా అది కొనసాగింది. ఆ పిల్లల్లో ఒక్కరికీ నోబెల్ రాలేదు. పరీక్ష రాసి ఎంపిక కాకుండా పోయిన ఇద్దరికి మాత్రం వచ్చింది: ట్రాన్సిస్టర్ పనికి 1956లో విలియం షాక్లీకి, కణ భౌతిక శాస్త్రంలో 1968లో లూయిస్ ఆల్వరెజ్‌కి. ఐక్యూని ఎగతాళి చేయాలనుకున్న ప్రతివాళ్లూ ఈ కథ చెబుతారు, వినడానికి బాగుంటుంది కూడా. కానీ మీరు సైన్స్ మనిషి కదా, లెక్క చూడండి. మూడు సైన్స్ విభాగాలకూ కలిపి ప్రపంచం మొత్తం మీద ఏడాదికి గరిష్ఠంగా 9 మందికి నోబెల్ వస్తుంది. ఒక రాష్ట్రంలోంచి తీసిన 1,500 మందిలో ఒక్కరికీ రాకపోవడంలో వింతేమీ లేదు. పైగా ఆ 1,500 మందిలోంచి ప్రొఫెసర్లు, పరిశోధకులు, పేటెంట్లు తీసుకున్నవాళ్లు మామూలు జనంతో పోలిస్తే చాలా ఎక్కువగానే వచ్చారు. కాబట్టి ఈ కథను మీరు ధైర్యం కోసం వాడుకోవద్దు.

వాడుకోదగ్గది అదే అధ్యయనంలో ఇంకోటి ఉంది. 1968లో, టెర్మన్‌తో కలిసి పనిచేసిన మెలిటా ఓడెన్ ఆ బృందంలోని మగవాళ్లలో జీవితంలో బాగా పైకొచ్చిన వందమందినీ, బాగా వెనకబడ్డ వందమందినీ విడదీసి పక్కపక్కన పెట్టి చూసింది. ఐక్యూలో ఆ రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా కనిపించింది పట్టుదలలో, తమ మీద తమకున్న నమ్మకంలో, ఏదో చేయాలన్న తపనలో, తల్లిదండ్రుల చదువులో కూడా. ఈ చివరిది చాలామంది చెప్పకుండా దాటేస్తారు, ఎందుకంటే పట్టుదల కథకు అది కొంచెం అడ్డు.

"అయితే ఒక 120 దాకా ఉంటే చాలు, ఆ పైన ఎంతున్నా ఒకటే" అనే మాట కూడా మీరు విని ఉంటారు. మీకది గొప్ప ఊరట, రెండు పాయింట్లే కదా తక్కువ! పాపం అదీ పూర్తిగా నిజం కాదు. జూలియన్ స్టాన్లీ 1971లో జాన్స్ హాప్కిన్స్‌లో మొదలుపెట్టిన ఒక అధ్యయనం ఉంది, తర్వాత కామిల్లా బెన్‌బో, డేవిడ్ లుబిన్‌స్కీ దాన్ని నడిపారు. కాలేజీలో చేరే ముందు రాసే శాట్ పరీక్షను 12, 13 ఏళ్ల పిల్లలతోనే రాయించి, వాళ్లు పెద్దయ్యాక ఏం చేశారో దశాబ్దాల పాటు చూశారు. అందరూ పై ఒక్క శాతంలో ఉన్న పిల్లలే. ఆ ఒక్క శాతాన్ని కూడా నాలుగు భాగాలు చేస్తే, పై భాగంవాళ్లు కింది భాగంవాళ్ల కంటే ఎక్కువ డాక్టరేట్లు, ఎక్కువ పేపర్లు, ఎక్కువ పేటెంట్లు సాధించారు. అంటే ఒక గీత దాటాక తెలివి పనిచేయడం ఆగిపోదు. నచ్చని సగం అన్నానే, అది ఇదే.

ఇప్పుడు రెండో సగం. అదే పై భాగంలో కూడా పెద్ద ఆవిష్కరణలు చేసినవాళ్లు కొద్దిమందే, మిగతావాళ్లు మంచి ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. గుంపుల మధ్య తేడా ఉందని చెప్పడం వేరు, గుంపులో ఒక మనిషిని పట్టుకుని ఈమె ఎక్కడికి చేరుతుందో చెప్పడం వేరు. పైగా మీరు అందరిలోంచి యథాలాపంగా తీసిన మనిషి కాదు. ప్రవేశ పరీక్షలు, ఇంటర్వ్యూలు, డిగ్రీల జల్లెడలన్నీ దాటి పీహెచ్‌డీలో కూర్చున్నారు. ఆ జల్లెడలు తెలివినే వడకట్టాయి. వడకట్టగా మిగిలిన వాళ్లలో తెలివి తేడాలు చిన్నవైపోతాయి, అందరిలోనూ కనిపించే సంబంధం వాళ్ల లోపల చూస్తే బలహీనంగా కనిపిస్తుంది. పరీక్షలో తక్కువ వచ్చినా లోపలికి వచ్చినవాళ్లు సాధారణంగా ఇంకేదో ఎక్కువ తెచ్చుకుని వచ్చినవాళ్లే. మీ విషయంలో అదేమిటో నాకు తెలియదు, మీకు తెలిసుండాలి.

ఆనీ రో అనే మనస్తత్వవేత్త పేరున్న 64 మంది అమెరికన్ శాస్త్రవేత్తల్ని వెతికి పట్టుకుని, ఇంటర్వ్యూలు చేసి, వాళ్ల కోసమే కష్టమైన పరీక్షలు తయారు చేయించి రాయించింది. 1953లో ఆ ఫలితాలు పుస్తకంగా వచ్చాయి. వాళ్ల స్కోర్లు సగటున చాలా ఎక్కువ, అందులో దాపరికం లేదు. అయితే ఒకరికీ ఇంకొకరికీ దూరం కూడా చాలా ఉంది, అందరికంటే తక్కువ వచ్చినవాళ్లు 120ల దగ్గర ఉన్నారు, వాళ్లూ ఆ పేరున్న జాబితాలోని వాళ్లే. ఆమె అందరిలోనూ చూసింది పనిలో పూర్తిగా మునిగిపోవడం. చాలామంది చెప్పిన ఇంకో విషయం ఏమిటంటే, చదువుకునే రోజుల్లో ఒక చిన్న ప్రాజెక్టు ఏదో చేస్తూ, ఎవరూ చెప్పకుండానే ఒక కొత్త సంగతి నేనే కనిపెట్టగలను అని తెలిసిన క్షణం ఒకటుంది, ఆ తర్వాత వాళ్లు ఇంకో దారి చూడలేదు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, మీకు అలాంటి అనుభవం ఉందో లేదో ఎక్కడా లేదు. స్కోరు కంటే నాకు ఆ ఖాళీ ముఖ్యంగా కనిపించింది. ఉందనుకోండి, మీ దారి ఒకటి. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదనుకోండి, అది కూడా సమాచారమే, 118 కంటే ఎన్నో రెట్లు పనికొచ్చే సమాచారం.

నెట్‌లోని జాబితాల గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. ఐన్‌స్టీన్ ఐక్యూ పరీక్ష రాసినట్టు ఆధారం ఏదీ లేదు, ఆ 160 ఎవరో అంటించిన అంకె. చనిపోయిన మహానుభావుల స్కోర్లు కొన్ని 1926లో కాథరిన్ కాక్స్ చేసిన పని నుంచి వచ్చాయి, ఆమె 301 మంది ప్రసిద్ధుల జీవిత చరిత్రలు చదివి వాళ్ల ఐక్యూ ఎంతుండొచ్చో అంచనా కట్టించింది. చిన్నతనం గురించి వివరాలు తక్కువ దొరికితే అంచనా కూడా తక్కువే వచ్చింది. మైకేల్ ఫారడే పేదింట్లో పుట్టి, బైండింగ్ షాపులో పని నేర్చుకుంటూ పెరిగినవాడు, ఆయన బాల్యాన్ని రాసిపెట్టిందెవరు? ఇక మీలాంటివాళ్లు ధైర్యానికి చెప్పుకునే భౌతిక శాస్త్రవేత్త, నోబెల్ విజేత రిచర్డ్ ఫైన్‌మన్ 125 కూడా అంతే. స్కూల్లో ఆయనకు అంతే వచ్చిందని చెబుతారు, అదే మనిషి 1939లో పట్నమ్ గణిత పోటీలో దేశం మొత్తం మీద మొదటి వరసలో నిలిచాడు. ఆ 125 ఆయన గురించి చెప్పేదానికంటే ఆ పరీక్ష గురించే ఎక్కువ చెబుతుంది.

ఇందాకటి షాక్లీ దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే మీ ప్రశ్నకు నాకు తెలిసినంతలో మంచి జవాబు ఆయనే రాశాడు. (ఆ మనిషే తర్వాత తర్వాత జాతికీ ఐక్యూకీ ముడిపెట్టి అసహ్యమైన వాదనలు చేసి పరువు పోగొట్టుకున్నాడు. చిన్నప్పుడు ఆ పరీక్ష తనను వద్దన్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చిందో లేదో.) 1957లో ఆయన పరిశోధనశాలల్లో ఒక్కొక్కరూ ఎన్ని పేపర్లు రాస్తున్నారో లెక్కలు తీశాడు. తేడాలు కొంచెం కొంచెంగా లేవు, కొందరు మిగతావాళ్లకంటే పదుల రెట్లు ఎక్కువ రాస్తున్నారు. మనుషుల తెలివిలో పదుల రెట్ల తేడా ఉండదు కదా, మరిదెలా? ఆయన చెప్పింది ఇది: ఒక పేపర్ బయటికి రావాలంటే చాలా మెట్లు దాటాలి. మంచి సమస్యను ఎంచుకోవాలి, దాని మీద పని చేయగలగాలి, పనికొచ్చే ఫలితం వచ్చినప్పుడు దాన్ని గుర్తుపట్టాలి, ఇక్కడితో ఆపి రాయాలని తెలుసుకోవాలి, రాయడం చేతకావాలి, విమర్శ వింటే దాన్ని వాడుకోగలగాలి, ప్రచురణకు పంపే ధైర్యం ఉండాలి, తిప్పి పంపితే మళ్లీ సవరించి పంపే ఓపిక ఉండాలి. ఈ ఎనిమిదీ ఒకదానికొకటి కూడవు, హెచ్చవేయబడతాయి. ప్రతిదాంట్లో పక్కవాడికంటే ఒకటిన్నర రెట్లు బాగున్న మనిషి మొత్తం మీద 25 రెట్లు ఎక్కువ సాధిస్తాడు. ఏదో ఒకటి సున్నా అయితే మిగతా ఏడూ ఎంత గొప్పగా ఉన్నా మొత్తం సున్నానే.

ఈ ఎనిమిదిలో మీ రిపోర్టు కొలిచింది ఎన్నిటిని? మహా అయితే మొదటి రెండు మూడింటికి కొంచెం దగ్గరగా వస్తుంది. విమర్శను వాడుకోవడం, ఓపిక, ఎప్పుడు ఆపాలో తెలియడం అందులో లేవు. ఇప్పుడు చెప్పండి, స్కోరు వచ్చాక మీలో ఏం మారింది? మీటింగులో మాట్లాడటం మానేశారు. అంటే మీ పని మీద నలుగురూ తప్పులు చెప్పే అవకాశం మూసేశారు. షాక్లీ లెక్కలో ఆరో అంకెను మీ చేత్తో మీరే సున్నా వైపు నెడుతున్నారు. 118 వల్ల మీకేమైనా నష్టం జరిగి ఉంటే ఇప్పటిదాకా నాకు కనిపించింది ఇదొక్కటే.

ఆ ల్యాబ్‌మేట్ సంగతి. అర నిమిషంలో తప్పు పట్టుకోవడం నిజమైన శక్తే, దాన్ని తక్కువ చేయను. అది ఎనిమిదిలో ఒకటి. డార్విన్ తన గురించి రాసుకుంటూ తనకు చటుక్కున అర్థం చేసుకునే చురుకు లేదని, పేపరో పుస్తకమో చదవగానే ముందు మెచ్చేసుకుంటాననీ, చాలాసేపు ఆలోచిస్తే గానీ దాని లోపాలు కనిపించవనీ చెప్పుకున్నాడు. రెండు రకాల మనుషులూ సైన్స్‌కు కావాలి. రెండేళ్ల తర్వాత అతని చేతిలో ఎన్ని పూర్తయిన పనులుంటాయో, మీ చేతిలో ఎన్నుంటాయో ఇప్పుడు మీ గైడ్‌కీ తెలియదు, నాకూ తెలియదు. ఇక మీ గైడ్ అన్న మాట అతన్ని మెచ్చుకుంటూ అన్నది. అందులో మీ పేరు లేదు, మీరు చేర్చుకున్నారు.

అన్నయ్య గురించి మీరు రాసిన వాక్యం కొంచెం కటువుగా ఉంది, మీకూ తెలిసే ఉంటుంది. 140 వచ్చినందుకు అతను ఎవరికీ ఏమీ బాకీ లేడు. టెర్మన్ పిల్లల్లో కూడా మామూలు ఉద్యోగాలు చేసుకుని తృప్తిగా బతికినవాళ్లు చాలామంది ఉన్నారు. స్కోరు ఉండీ అతను సైంటిస్టు కాలేదని మీరే అంటున్నారు, మరి ఆ స్కోరే అన్నీ తేలుస్తుందని కూడా మీరే అంటున్నారు. మీ ఇంట్లోనే ఉన్న ఈ ఉదాహరణ మీ వాదనకు ఎదురు తిరుగుతోంది, చూశారా.

సరే, ఏం చేయొచ్చు?

ఇప్పుడే వదిలేయడం ఒకటి. పీహెచ్‌డీ మధ్యలో మానేయడం పాపమేమీ కాదు. రోజువారీ పని, అంటే గాజు సామాను, జెల్‌లు, పాడైన ప్రయోగాన్ని మళ్లీ మొదటి నుంచి చేయడం, ఇదే మీకు నచ్చడం లేదనుకుంటే, లేదా ఆరోగ్యం దెబ్బతింటోందనుకుంటే, ఇంకో మూడేళ్లు ఉండటం కంటే ఇప్పుడు వెళ్లడమే మేలు. కానీ 118 కారణంగా వెళితే ఒక చిక్కుంది. ఆ అంకె ల్యాబ్‌లో ఉండిపోదు, మీతో వస్తుంది. కొత్త ఉద్యోగంలో మీకంటే చురుకైనవాళ్లు ఎదురైన మొదటి రోజే ఇదే ప్రశ్న మళ్లీ లేస్తుంది. వెళ్లదలిస్తే పనికి సంబంధించిన కారణంతో వెళ్లండి.

ఏమీ మార్చకుండా, నోరు మూసుకుని, ఎవరికీ చెప్పకుండా ఉండిపోవడం ఇంకోటి. మీరిప్పుడు చేస్తున్నది అదే. అన్నిటిలోకీ నాకు నచ్చనిది ఇదే, ఎందుకంటే ఇలా ఏడాది గడిచాక పని ముందుకు కదలదు, కదలకపోవడాన్ని స్కోరుకు రుజువుగా మీరే చూపించుకుంటారు.

గడువు పెట్టుకుని ఉండటం మూడోది. ఒక ఆరు నెలలనుకోండి. ఆ ఆరు నెలల్లో చూడాల్సింది మీ బుర్రను కాదు, మీ పనిని. ఆ ప్రొటీన్ ముద్దకట్టడం మీ చేతివల్లా, దాని స్వభావం వల్లా? ఇది తేల్చుకోవచ్చు. అనుభవమున్న ఒకరిని మీ పద్ధతిలోనే, మీ పక్కనే నిలబడి చేయమనండి. వాళ్లకీ ముద్దకడితే అది మొండి ప్రొటీన్, ఎంతోమంది తెలివైనవాళ్లను ఏడిపించిన జాతి, అప్పుడు ప్రాజెక్టు మార్చాలా, ప్రొటీన్‌లో ఒక ముక్క మాత్రమే తీసుకోవాలా అని మాట్లాడుకోవచ్చు. వాళ్లకు కుదిరితే మీరు ఎక్కడ తేడాగా చేస్తున్నారో ఒక్క రోజులో తెలిసిపోతుంది. రెండిట్లో ఏదైనా మీకు లాభమే. నేర్చుకుంటున్నానా, నాకు కొత్త ప్రశ్నలు పుడుతున్నాయా, ముందు నెల కంటే ఈ నెల మెరుగ్గా తప్పు చేస్తున్నానా, గడువు చివర ఇవి చూసి నిర్ణయించుకోండి.

చోటు మార్చడం నాలుగోది. దీన్ని చాలామంది చివరి దారిగా చూస్తారు కానీ, ఎవరి దగ్గర పని చేస్తున్నామన్నది చిన్న విషయం కాదు. సమాజ శాస్త్రవేత్త హారియెట్ జుకర్‌మన్ లెక్క ప్రకారం 1972 దాకా అమెరికాలో చేసిన పనికి నోబెల్ వచ్చిన 92 మందిలో 48 మంది అంతకు ముందే నోబెల్ వచ్చిన, లేదా తర్వాత రాబోయే పెద్దవాళ్ల దగ్గర శిష్యులుగానో చిన్న సహచరులుగానో పనిచేసినవాళ్లు. చురుకైనవాళ్లు మంచి గురువుల్ని వెతుక్కుంటారు, గురువులూ వాళ్లనే తీసుకుంటారు కాబట్టి అంతా శిక్షణ మహిమే అనలేం. అయినా వాళ్లు నేర్చుకున్నామని చెప్పింది ఎక్కువగా ఏ సమస్య పట్టుకోవాలి, ఏ జవాబు చాలు అనే విచక్షణ. మీ గైడ్ దగ్గర అది దొరుకుతోందా లేదా అని ఆలోచించండి. ల్యాబ్ మారిస్తే కొంత సమయం పోతుంది, కొన్ని చోట్ల మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, పాత గైడ్‌తో సంబంధం చెడే ప్రమాదం కూడా ఉంది. ఇవన్నీ లెక్కలో వేసుకోండి.

మళ్లీ ఐక్యూ పరీక్ష రాయాలని ఉందని కూడా మీ ఉత్తరంలో ఒక మూల రాశారు. రాయొచ్చు, అదే పరీక్షను వెంటనే రాస్తే అలవాటు వల్ల కొన్ని పాయింట్లు పెరుగుతాయి కూడా. 124 వచ్చిందనుకోండి, ఏం చేస్తారు? ప్రొటీన్ అప్పటికీ ముద్దకడుతూనే ఉంటుంది.

ఇన్నిటి మధ్య మీరు మర్చిపోయినది ఒకటుంది. మీరు సైకాలజిస్టు దగ్గరికి వెళ్లింది ఐక్యూ కోసం కాదు. నిద్ర పట్టడం లేదని, చదివింది గుర్తుండటం లేదని. దానికి వాళ్లేం చెప్పారు? మీ ఉత్తరంలో లేదు. ఏకాగ్రత సమస్య ఉందన్నారా, లేదన్నారా, ఆందోళన అన్నారా? ఆ అంకె కనబడగానే అసలు ప్రశ్న పక్కకు పోయినట్టుంది. వెనక్కి వెళ్లండి, రిపోర్టు మొత్తం చదివించుకోండి, నిద్ర గురించి అవసరమైతే డాక్టర్‌ని కలవండి. పైన చెప్పిన నాలుగు దారుల్లో ఏది ఎంచుకోవాలన్నా ముందు నిద్రపోతున్న మనిషి ఎంచుకోవాలి.

పెద్ద సైన్స్ చేయగలనా అన్న మాటకు సూటిగా: తెలియదు, మీ గురించే కాదు, ఎవరి గురించైనా ముందుగా చెప్పలేం. కొవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలకు బాట వేసిన కటాలిన్ కరికోను 1995లో ఆమె విశ్వవిద్యాలయం కింది హోదాకు దించింది. అప్పుడున్న కొలమానాల్లో ఆమె పని తూగలేదు. పదేళ్ల తర్వాత 2005లో డ్రూ వైస్మన్‌తో కలిసి వేసిన పేపర్‌కు 2023లో నోబెల్ వచ్చింది. దించినవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు, ముందుగా కనిపించే విషయం కాదది. అలాగే ఆమెలా మొండిగా పట్టుకుని ఏమీ రాకుండా మిగిలిపోయినవాళ్లు కూడా ఉంటారు, వాళ్ల పేర్లు మనకు తెలియవు కాబట్టి వాళ్ల కథలు చెప్పుకోం. గొప్ప ఫలితం వస్తుందన్న హామీ ఉంటేనే చేస్తాను అనుకుంటే సైన్స్ మీకు సరిపడే చోటు కాదు, 160 ఉన్నా సరిపడదు. మంచి పని, నమ్మదగ్గ పని, ఇంకొకరు దాని మీద ఇల్లు కట్టుకోగల పని చేయడం చాలనుకుంటే, మీ రిపోర్టులో దానికి అడ్డమొచ్చేది నాకు ఒక్కటీ కనిపించలేదు.

చివరగా గైడ్‌తో మాట్లాడటం. స్కోరు సంగతి ఆయనకు చెప్పాల్సిన పని లేదు, చెప్పొద్దు కూడా. అది మీ వైద్య విషయం. "నాకు తెలివుందా" అని కూడా అడగకండి, దానికి ఎవరైనా మొహమాటానికి ఔననే అంటారు. "వచ్చే ఆరు నెలల్లో నా నుంచి మీకేం కనిపిస్తే ఈమె దారిలో పడింది అనుకుంటారు?" అని అడగండి. ఫలానాది కావాలి, ఫలానా చోట నీ పద్ధతి బాగోలేదు అని విడమరిచి చెప్పారనుకోండి, వినడానికి కష్టంగా ఉన్నా రాసుకోండి, మీ దగ్గరున్న సమాచారం అంతటిలోకీ విలువైనది అదే అవుతుంది, ఉండాలా వెళ్లాలా అన్నది కూడా చాలావరకు దాన్ని బట్టే తేల్చుకోవచ్చు. అలా ఏమీ చెప్పకుండా "దీనికి బుర్ర ఉండాలమ్మా" అని మళ్లీ అంటే మాత్రం, నాలుగో దారి గురించి వేరే ల్యాబుల్లో విచారించడం మొదలుపెట్టండి.